గురి ఒకదాని మీద, దెబ్బ పదింటి మీద: రేచల్ కార్సన్ జీవితం

రేచల్ కార్సన్ పేరు మన పల్లెల్లో చాలామంది విని ఉండరు. ఆమె అమెరికా మనిషి. సముద్రం గురించి పుస్తకాలు రాసిన జీవశాస్త్రజ్ఞురాలు. చనిపోయి అరవై ఏళ్ళు దాటింది. మన వరిచేలకీ ఆమెకీ ఏం సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. సంబంధం ఉంది. ఒక పురుగుని చంపడానికి కొట్టిన మందు ఇంకా వేటిని చంపుతుంది, అవి చచ్చాక చేలో ఏం జరుగుతుంది, ఆ మందు ఎవరి ఒంటి మీద పడుతుంది అనే ప్రశ్నల్ని లోకమంతా వినేటట్టు అడిగింది ఆమె. అడిగినందుకు కంపెనీల చేత నానా మాటలూ పడింది. ఐనా వెనక్కి తగ్గలేదు.

ఆ ప్రశ్న ఇప్పుడు ఇంకో రూపంలో మన గుమ్మంలోకి వచ్చింది. వెనకటికి విషం డబ్బాలో వచ్చేది. ఇప్పుడు విత్తనంలో కూడా వస్తోంది. పత్తిలో వచ్చింది. వంకాయలో రాబోయి ఆగింది. వరిలో పెట్టి చైనాలోనూ, మన దేశంలోనూ ప్రయోగాలు చేశారు. ఇది మంచిదని కొందరు, ముంచేదని కొందరు వాదిస్తున్నారు. ఎవరి మాటా గుడ్డిగా నమ్మకుండా మన బుర్రతో మనం ఆలోచించుకోవాలంటే కార్సన్ జీవితం తెలుసుకోవడం మంచిదని మేము అనుకుంటున్నాం.

పేదింటి చదువు

కార్సన్ 1907 మే 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలో అలిగెనీ నది ఒడ్డున ఉన్న స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. పిట్స్‌బర్గ్ ఉక్కు ఫ్యాక్టరీలకి దగ్గరి ఊరు అది. తండ్రి రాబర్ట్ ఇన్సూరెన్సు ఏజెంటు. ఏ పనిలోనూ నాలుగు రాళ్ళు వెనకేసిన మనిషి కాదు. అరవై అయిదు ఎకరాల నేల ఉందన్నమాటేగాని అందులో పెద్ద సేద్యం లేదు. ఇంట్లో కుళాయి కూడా లేదు. తల్లి మరియా పెళ్ళికి ముందు పంతులమ్మగా పని చేసింది. పిల్లని వెంటబెట్టుకుని తోటలూ తుప్పలూ తిరిగి పిట్టల పేర్లు, పురుగుల పేర్లు చెప్పేది. కార్సన్ రాసిన మొదటి కథ పదకొండో ఏట పిల్లల పత్రికలో అచ్చయింది.

పిట్స్‌బర్గ్‌లోని ఆడపిల్లల కాలేజీలో చేరితే ఫీజు కట్టడమే గండమయింది. తల్లి యాపిల్ పళ్ళు అమ్మింది, కోళ్ళు అమ్మింది, చివరికి ఇంట్లో పింగాణీ సామాను అమ్మింది. రచయిత్రి కావాలని కాలేజీకి వెళ్ళిన పిల్ల మేరీ స్కింకర్ అనే ఉపాధ్యాయురాలి పాఠాలు విని జీవశాస్త్రం వైపు మళ్ళింది. 1929లో పట్టా పుచ్చుకుంది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో 1932లో ఎం.ఏ. పూర్తి చేసింది. డాక్టరేటు కూడా చెయ్యాలనుకుంది కాని అప్పుడు అమెరికా అంతా ఆర్థిక మాంద్యం. లక్షలమంది పనుల్లేక రోడ్డున పడ్డ రోజులవి. ఇల్లు గడవక 1934లో ఆ చదువు ఆపేసింది. మరుసటేడు తండ్రి పోయాడు. 1937లో అక్క పోయింది. అక్క పిల్లలిద్దరి భారం కూడా కార్సన్ మీదే పడ్డది.

ప్రభుత్వ మత్స్యశాఖలో మొదట రేడియో ప్రసంగాలు రాసే చిన్న పని దొరికింది. 1936లో పరీక్ష రాసి అక్కడే జీవశాస్త్రజ్ఞురాలిగా చేరింది. ఆ శాఖలో అలాంటి ఉద్యోగం సంపాదించిన ఆడవాళ్ళలో ఆమె రెండోది. పగలంతా ఆఫీసు పని, రాత్రి రాత పని. 1951లో వచ్చిన ఆమె రెండో పుస్తకం 'ద సీ అరౌండ్ అజ్' ఊహించనంత అమ్ముడుపోయింది. దాంతో 1952లో ఉద్యోగం మానేసి పూర్తికాలం రాతకే కూర్చుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, కష్టం తెలిసిన ఇంట్లో పుట్టి, ఒంటిచేత్తో కుటుంబాన్ని లాగిన మనిషి ఈమె. పదహారేళ్ళు సర్కారీ శాఖలో పని చెయ్యడం వల్ల ఏ కాగితం ఎక్కడ ఉంటుందో, ఏ శాస్త్రజ్ఞుడికి ఏం తెలుసో ఆమెకి తెలిసింది. తర్వాత జరిగిన పోరాటంలో ఆమెకి అక్కరకొచ్చింది ఆ తెలివే.

డి.డి.టి. జాతర

డి.డి.టి. పురుగుల్ని చంపుతుందని 1939లో పాల్ ముల్లర్ అనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల పేలు చంపడానికి, మలేరియా దోమల్ని చంపడానికి దాన్ని వాడారు. ప్రాణాలు నిలిచిన మాట నిజం. 1948లో ముల్లర్‌కి నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. యుద్ధం అయిపోయింది, ఫ్యాక్టరీలు మాత్రం అలాగే ఉన్నాయి. సరుకు అమ్ముడుపోవాలి. అప్పుడు మొదలయింది జాతర. పొలాల మీద, అడవుల మీద, ఊళ్ళ మీద, బళ్ళ మీద విమానాల్లోంచి మందు కురిపించారు. డి.డి.టి. తోపాటు ఆల్డ్రిన్, డీల్డ్రిన్, ఎండ్రిన్, పారాథియాన్ వరసగా వచ్చాయి. వీటిలో పారాథియాన్ లాంటివి యుద్ధంలో మనుషుల్ని చంపడానికి తయారైన విషవాయువులకి దాయాదులు.

ఎండ్రిన్ పేరు మన పల్లెల్లో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పంటని కాపాడటానికి కొని తెచ్చిన ఆ డబ్బా ఎన్ని కొంపలు ముంచిందో వేరే చెప్పనక్కరలేదు. మన దేశంలో దాన్ని 1990లో గాని నిషేధించలేదు. డి.డి.టి.ని సేద్యంలో వాడొద్దని 1989లో గాని చెప్పలేదు. కార్సన్ పుస్తకం వచ్చాక పావు శతాబ్దం పైగా మన చేలల్లో ఆ మందులు పారాయన్నమాట.

కార్సన్‌కి డి.డి.టి. మీద అనుమానం ముందునుంచీ ఉంది. 1945లోనే దాని గురించి వ్యాసం రాస్తానని ఒక పెద్ద పత్రికని అడిగితే వాళ్ళు వద్దన్నారు. 1957లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో చెట్ల ఆకులు తినే గొంగళిపురుగు కోసమని విమానాలతో డి.డి.టి. కురిపించారు. కూరగాయల మళ్ళు, పాడిపశువుల మేత, చేపల చెరువులు ఏవీ వదల్లేదు. జనం కోర్టుకెక్కారు, ఓడిపోయారు. 1958 జనవరిలో మసాచుసెట్స్‌లోని డక్స్‌బరీ నుంచి ఓల్గా హకిన్స్ అనే స్నేహితురాలి ఉత్తరం కార్సన్‌కి చేరింది. దోమల మందు కురిపించాక తన తోటలో పిట్టలు ఎలా చచ్చి పడ్డాయో అందులో ఉంది. దాంతో కార్సన్ నడుం కట్టింది. వ్యాసమనుకుని మొదలుపెట్టింది నాలుగేళ్ళ పనయింది. అదే 'సైలెంట్ స్ప్రింగ్', అంటే నిశ్శబ్ద వసంతం. పిట్ట కూత వినపడని వసంతమని అర్థం.

పుస్తకంలో ఏముంది?

ఆ పుస్తకంలో వట్టి ఆవేశం లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత మందు, ఏమయింది అని లెక్కగా ఉంది. మనకి పనికొచ్చేవి నాలుగు చెబుతాం.

మొదటిది, కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అనే చెరువు సంగతి. అక్కడ కుట్టను కూడా కుట్టని ఒక చిన్న దోమ ముసురుతోందని 1949లో డి.డి.టి. చుట్టమైన డి.డి.డి. అనే మందు కలిపారు. ఏడు కోట్ల భాగాల నీళ్ళకి ఒక్క భాగం మందు. ఇంత పలచగా ఉంటే ఏమవుతుందిలే అనుకున్నారు. దోమ మళ్ళీ వచ్చింది. 1954లో, 1957లో మళ్ళీ కలిపారు. నీళ్ళలో ఉన్న మందు నాచులోకి, నాచులోంచి చిన్న చేపల్లోకి, వాటిలోంచి పెద్ద చేపల్లోకి ఎక్కింది. ఒక్కో మెట్టుకీ చిక్కబడింది. చేపలు తినే గ్రీబ్ అనే నీటిపిట్టలు వందలకొద్దీ చచ్చాయి. వెయ్యి జంటలుండే చోట ముప్పై జంటలు మిగిలాయి. ఆ పిట్టల మీద ఎవరూ గురి పెట్టలేదు.

రెండోది అడవి సంగతి. 1956లో స్ప్రూస్ చెట్ల మొగ్గలు తినే పురుగు కోసం అమెరికా అటవీశాఖ 8 లక్షల 85 వేల ఎకరాల మీద డి.డి.టి. కురిపించింది. మరుసటేడు వేసవికి చెట్లు ఎర్రగా మాడాయి. ఈసారి ఆ పురుగు కాదు, నల్లి. నల్లిని తిని అదుపులో ఉంచే అక్షింతల పురుగుల్లాంటివన్నీ డి.డి.టి.కి చచ్చాయి. నల్లి మాత్రం చావలేదు. కాపలా వాళ్ళని కాల్చేసి దొంగకి తలుపు తీసినట్టయింది.

మూడోది బత్తాయి తోటల సంగతి. కాలిఫోర్నియాలో పందొమ్మిదో శతాబ్దం చివర పిండిలాంటి పొలుసు పురుగు తోటల్ని నాశనం చేస్తుంటే ఆస్ట్రేలియా నుంచి వెడాలియా అనే అక్షింతల పురుగుని తెచ్చి వదిలారు. రెండేళ్ళలో ఆ తెగులు కట్టింది. సుమారు యాభై ఏళ్ళు రైతు పైసా ఖర్చు లేకుండా బతికాడు. 1940లలో డి.డి.టి. వచ్చింది, వెడాలియా చచ్చింది, పొలుసు పురుగు తిరిగొచ్చింది.

నాలుగోది మన వాళ్ళ సంగతి, అంటే కూలీల సంగతి. కాలిఫోర్నియాలో ఒక తోటలో బత్తాయిలు కోస్తున్న 30 మందిలో 11 మంది ఒక్కసారిగా జబ్బుపడ్డారు. ఒక్కడు తప్ప అందరినీ ఆస్పత్రిలో చేర్చారు. ఆ తోటకి పారాథియాన్ కొట్టి రెండున్నర వారాలు దాటింది. మందు కొట్టింది వాళ్ళు కాదు. కొట్టారని కూడా వాళ్ళకి తెలియదు. అమెరికాలో ఐనా, మన జిల్లాల్లో ఐనా, చేలోకి పిలిచేటప్పుడు కూలి రేటు చెబుతారుగాని నిన్న ఏ మందు కొట్టారో చెప్పరు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చెయ్యాలి. కార్సన్ ఏ మందూ ఎప్పుడూ వాడొద్దనలేదు. దోమల వల్ల వచ్చే రోగాల్ని పట్టించుకోవద్దనీ అనలేదు. ఏది చంపుతుందో తెలియకుండా, వాడే వాళ్ళకి చెప్పకుండా, కంపెనీ అమ్మకాల కోసం విచ్చలవిడిగా చల్లడాన్ని ఆమె తప్పుపట్టింది. అలా చల్లితే పురుగులు మందుకి అలవాటుపడి మొండికెత్తుతాయని, నిజంగా అవసరమైన చోట కూడా ఆ మందు పని చెయ్యకుండా పోతుందని హెచ్చరించింది. ఆమె వల్ల మలేరియా పెరిగిందని నేటికీ నింద వేసేవాళ్ళున్నారు. వాళ్ళు ఆ పుస్తకం తిరగేస్తే చాలు.

కంపెనీల దాడి

1962 జూన్‌లో ఈ రచన 'న్యూయార్కర్' పత్రికలో మొదలయింది. సెప్టెంబరు 27న పుస్తకంగా వచ్చింది. మందుల కంపెనీలు మండిపడ్డాయి. ఎండ్రిన్, క్లోర్డేన్ లాంటివి తయారు చేసే వెల్సికాల్ కంపెనీ, పుస్తకం వేస్తే ఊరుకోమన్నట్టు ప్రచురణకర్తకి ఉత్తరం రాసింది. అమెరికా ఆహారాన్ని తూర్పు యూరప్ దేశాల స్థాయికి దిగజార్చాలనే దుష్టశక్తుల పన్నాగం దీని వెనక ఉందని అందులో సూచించింది. ప్రశ్న అడిగిన వాళ్ళకి కమ్యూనిస్టు ముద్ర వెయ్యడం అక్కడ కూడా పాత అలవాటే. మోన్శాంటో కంపెనీ ఆ పుస్తకాన్ని వెక్కిరిస్తూ, మందులు లేకపోతే లోకం పురుగులపాలవుతుందని కథ అల్లి వేలకొద్దీ పంచింది. ఆ కంపెనీ పేరు గుర్తుపెట్టుకోండి, ముందు మళ్ళీ వస్తుంది. సైనామిడ్ కంపెనీ శాస్త్రజ్ఞుడు వైట్ స్టీవెన్స్ ఊరూరా తిరిగి ఆమెని తిట్టాడు. పెళ్ళికాని ఆడది, పిట్టల పిచ్చిది, పిరికిది అంటూ ఆమె ఆడతనాన్ని ఎత్తిచూపారేగాని ఆమె లెక్కలకి జవాబు చెప్పలేదు.

వాళ్ళెవరికీ తెలియని సంగతి ఒకటుంది. 1960లోనే కార్సన్‌కి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది. రేడియేషన్ వైద్యంతో ఒళ్ళు హూనమయింది. ఇంట్లో చూస్తే, 1957లో మేనకోడలు చనిపోతే ఆమె అయిదేళ్ళ కొడుకుని కార్సన్ పెంపు తీసుకుంది. 1958 చివర తల్లి పోయింది. రోగం సంగతి బయటపడితే మందుల మీద కక్షతో రాసిందంటారని దాన్ని దగ్గరివాళ్ళ మధ్యనే దాచింది. మంచంలో పడుకుని కూడా కాగితాలు దిద్దింది.

1963 ఏప్రిల్ 3న ఆమె వాదనని, కంపెనీల వాదనని పక్కపక్కన పెట్టి టెలివిజన్‌లో చూపించారు. అరుస్తూ మాట్లాడే కంపెనీ మనిషిని, నెమ్మదిగా ఆధారాలు చెప్పే ఆమెని జనం చూశారు. అధ్యక్షుడు కెనెడీ వేసిన శాస్త్రజ్ఞుల సంఘం మే 15న ఇచ్చిన నివేదిక ఆమె చెప్పిన సంగతుల్ని చాలావరకు బలపరిచింది. జూన్ 4న ఆమె సెనెట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది. తన ఇంటి మీద, తన ఒంటి మీద ఇతరులు విషం చల్లకుండా కాపాడమని అడగడం పౌరుల హక్కని వాదించింది. 1964 ఏప్రిల్ 14న మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో తన ఇంట్లో కన్నుమూసింది. యాభై ఏడేళ్ళు కూడా నిండలేదు. 1970లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఏర్పడింది. 1972లో అక్కడ పంటలకి డి.డి.టి. వాడకం ఆగింది. తన గెలుపుని ఆమె చూడలేదు.

చివరి అధ్యాయంలోని సూక్ష్మజీవి

ఆ పుస్తకం చివరి అధ్యాయంలో కార్సన్ వేరే దారి చూపింది. పురుగుని పురుగుతో పట్టడం, మగ పురుగుల్ని గొడ్డుచేసి వదలడం, రోగం తెచ్చే సూక్ష్మజీవుల్ని వాడటం. అందులో బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవి ప్రస్తావన ఉంది. మనం పొట్టిగా బి.టి. అనేది దాన్నే. జపాన్‌లో ఇషివాటా అనే ఆయన 1901లో చచ్చిపోతున్న పట్టుపురుగుల్లో దీన్ని చూశాడు. జర్మనీలో తురింజియా ప్రాంతపు పిండి పురుగుల్లో బెర్లినర్ 1911లో కనిపెట్టాడు. గొంగళిపురుగు దీన్ని తింటే ఇందులోని విషపదార్థం దాని పేగుకి చిల్లులు పెడుతుంది. పురుగు మేత మాని చస్తుంది. మనిషికి, పశువుకి, సాలీడుకి ఆ చిక్కు లేదు. వాటి కడుపుల తీరు వేరు. పొడిగా చల్లితే ఎండకి కొద్దిరోజుల్లో విరిగిపోతుంది. అందుకే కార్సన్‌కి నచ్చింది.

ఆమె పోయిన ఇరవై ఏళ్ళకి శాస్త్రజ్ఞులు ఆ సూక్ష్మజీవి జన్యువుని తీసి మొక్కలో పెట్టడం నేర్చారు. 1996లో అమెరికాలో బి.టి. పత్తి అమ్మకానికి వచ్చింది. తెచ్చింది ఎవరు? ఆమె పుస్తకాన్ని వెక్కిరించిన మోన్శాంటోయే. మన దేశంలో 2002లో అనుమతిచ్చారు. ఆమె చూపిన సూక్ష్మజీవి ఇప్పుడు కంపెనీ ముద్రతో, కంపెనీ ధరతో విత్తనంలోంచి వచ్చింది. తేడా ఇంకొకటి ఉంది. చల్లిన పొడి నాలుగు రోజులకి పోతుంది. విత్తనంలో ఉన్న విషం పగలూ రాత్రీ మొక్కలోనే ఉంటుంది. పురుగు ఏడాది పొడుగునా దాన్నే తింటుంటే చావగా మిగిలినవి మొండికెత్తుతాయి. పత్తిలో గులాబీ రంగు కాయతొలుచు పురుగు మన దేశంలో అలాగే మొండికెత్తింది. కార్సన్ చెప్పిన హెచ్చరికే ఇది.

వరిలో పెడితే?

వరిని పట్టే పురుగులు మన వాళ్ళకి చెప్పనక్కరలేదు. కాండం తొలుచు పురుగు మొవ్వు ఎండబెడుతుంది, ఈనాక తెల్లకంకి చేస్తుంది. ఆకుముడత పురుగు ఆకుని చుట్టి గీకుతుంది. ఈ రెండూ గొంగళిపురుగులు, బి.టి.కి చచ్చేవి. సుడిదోమ వేరు. అది మొదట్లో చేరి రసం పీలుస్తుంది. బి.టి. దాన్నేమీ చెయ్యదు. గురి దీని మీద లేదు. మరి బి.టి. వరి వేస్తే సుడిదోమ ఏమవుతుంది? దాన్ని తినే సాలీళ్ళు, దాని గుడ్లు పీల్చే మిరిడ్ నల్లులు ఏమవుతాయి?

చైనాలో దీన్ని ఏళ్ళ తరబడి పరీక్షించారు. వుహాన్‌లోని హువాజోంగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారు చేసిన రెండు రకాల బి.టి. వరికి 2009లో ప్రభుత్వం భద్రతా పత్రం ఇచ్చింది. ఐనా ఆ తర్వాత ఏళ్ళు గడిచినా రైతుకి విత్తనం అమ్మడానికి అనుమతి రాలేదు. ఆ ప్రయోగాల్లో తేలింది తేలినట్టు చెప్పాలి. గొంగళిపురుగులు బాగా తగ్గాయి. సాలీళ్ళకి, మిరిడ్ నల్లులకి బి.టి. విషం వల్ల చెప్పుకోదగ్గ హాని చాలా పరిశీలనల్లో కనపడలేదు. సుడిదోమ పెరిగిపోలేదు, కొన్నిచోట్ల తగ్గింది కూడా. ప్రయోగంగా వేసిన రైతుల చేలల్లో మందు వాడకం సుమారు 80 శాతం తగ్గిందని, మందు వల్ల జబ్బుపడే వాళ్ళు కూడా తగ్గారని 2005లో ఒక పరిశీలన చెప్పింది. మందు కొట్టే కూలీకి ఇది చిన్న సంగతి కాదు. కంపెనీ మీద కోపంతో ఈ నిజాన్ని దాచడం మన పని కాదు. కార్సన్ దాచేది కాదు.

ఐతే కథ అక్కడ ముగియదు. అదే చైనాలో పత్తి చేలు చూడండి. బి.టి. పత్తి వేశాక కాయపురుగు మందు కొట్టడం తగ్గింది. వెనక ఆ మందుకే చచ్చే మొక్కనల్లి అనే రసం పీల్చే పురుగు ఇప్పుడు చావకుండా పెరిగింది. ఉత్తర చైనాలో ఆరు రాష్ట్రాల్లో పత్తినే కాక రేగు, ద్రాక్ష, యాపిల్, పీచ్ తోటల్ని కూడా పట్టింది. పదేళ్ళు దాటిన లెక్కలతో ఇది 2010లో వెల్లడయింది. మళ్ళీ 2012లో అక్కడి శాస్త్రజ్ఞులే ఇంకో వైపు చూపించారు. మందు తగ్గిన చేలల్లో అక్షింతల పురుగులు, సాలీళ్ళు పెరిగి పేనుబంకని అణిచాయి, పక్క మొక్కజొన్న, వేరుశెనగ చేలకి కూడా మేలు చేశాయి. ఒకే చేలో ఒక శత్రువు పెరిగింది, మిత్రులూ పెరిగారు. చేలో ఒక్క దారం లాగితే గుడ్డంతా కదులుతుంది. ఏ వైపు కదులుతుందో ఏళ్ళ తరబడి చూడందే తెలియదు.

మన దేశంలో బి.టి. పత్తి వచ్చిన మొదట్లో కాయపురుగు మందు తగ్గింది. తర్వాత పచ్చదోమ, తెల్లదోమ, పిండినల్లి, తామర పురుగు ఎక్కువై మళ్ళీ మందులు పెరిగాయి. 2015లో పంజాబ్‌లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చచ్చిపోయారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. మందు అక్కర తగ్గిస్తుందన్న విత్తనం వేసిన చేలల్లోనే ఇది జరిగింది. పురుగు లెక్క మాత్రమే చూసి మనిషి లెక్క చూడకపోతే ఫలితం ఇదే.

సుడిదోమ చెప్పే పాఠం

వరిలో సుడిదోమ విషయానికొస్తే పాఠం ఎప్పుడో తెలిసిపోయింది. 1970లలో ఎక్కువ దిగుబడి వరి రకాలతోపాటు యూరియా, మందులు వచ్చాయి. ఆగ్నేయాసియాలోనూ, 1973-74లో కేరళ కుట్టనాడులోనూ సుడిదోమ విరుచుకుపడింది. మందు కొట్టేకొద్దీ ఎక్కువయింది. కారణం చిత్రమేమీ కాదు. సుడిదోమ గుడ్లు ఆకు తొడిమలో దాగి ఉంటాయి, మందు అంటదు. పైన తిరిగే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు ముందు చస్తాయి. గుడ్లు పగిలి పిల్లలు వచ్చేసరికి వాటిని తినే వాళ్ళు చేలో ఉండరు. 1986లో ఇండోనేషియా ప్రభుత్వం వరి మీద 57 రకాల మందుల్ని ఒక్క కలంపోటుతో నిషేధించింది. తర్వాత చేలల్లోనే రైతుబడులు పెట్టి మిత్ర పురుగేదో, శత్రు పురుగేదో గుర్తుపట్టడం నేర్పింది. అక్కడ మందుల వాడకం తగ్గింది, వరి దిగుబడి తగ్గలేదు. 1956లో అమెరికా అడవిలో నల్లి చెప్పిన పాఠమే సుడిదోమ మళ్ళీ చెప్పింది.

కాబట్టి రేపు బి.టి. వరి మన దగ్గరికి వచ్చినా, రాకపోయినా అసలు సంగతి ఒకటే. విత్తనంలో ఏముందన్నది సగం ప్రశ్న. ఆ విత్తనం వేశాక డీలరు ఏ మందు అంటగడతాడు, సాలీడు చేలో మిగులుతుందా అనేది మిగతా సగం. బి.టి. వరి వేసి, దోమ కనపడగానే అన్నింటినీ చంపే మందు కొడితే విత్తనం మీద ఖర్చూ దండగ, మందు మీద ఖర్చూ దండగ. సాలీడు పోతుంది, దోమ మిగులుతుంది, కూలీ జబ్బుపడతాడు.

మనం అడగవలసినవి

కార్సన్ మన కోసం నినాదాలు రాసిపెట్టలేదు. ప్రశ్నలు అడిగే పద్ధతి నేర్పింది. ఆ పద్ధతిలోనే మన సంఘాలు అడగవలసినవి కొన్ని ఉన్నాయి.

కొత్త విత్తనం తెస్తే, అది ఏ పురుగుని చంపుతుందో చెప్పి ఊరుకుంటే చాలదు. దేన్ని చంపదో, దేన్ని పెంచుతుందో, మన జిల్లా చేలల్లోనే ఏళ్ళ తరబడి పరీక్షించి, తెలుగులో చెప్పాలి. పరీక్ష చేసేది అమ్మే కంపెనీ కాకూడదు. ప్రభుత్వ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చెయ్యాలి, లెక్కలు అందరికీ చూపించాలి. విత్తనం మీద హక్కు కంపెనీ చేతిలోకి పోకూడదు.

మందు కొట్టిన చేలో ఏ మందు, ఏ రోజు కొట్టారో గట్టు మీద రాసి పెట్టాలి. ఎన్నాళ్ళదాకా దిగకూడదో చెప్పాలి. ఆ రోజుల కూలి పోకుండా వేరే పని చూపించాలి. మందు పంపు మోసేవాడికి ముక్కుకి గుడ్డ కట్టుకోమని చెప్పి చేతులు దులుపుకోవడం కాదు, చేతి తొడుగులు, మాస్కు, సబ్బు, నీళ్ళు ఇచ్చే బాధ్యత పనిలో పెట్టుకున్నవాడిదే కావాలి. మండల ఆస్పత్రిలో విషానికి విరుగుడు మందు ఎప్పుడూ ఉండాలి.

ఇంకొకటి మన చేతిలోనే ఉంది. నాట్లు వేసేది మనం, కలుపు తీసేది మనం, కోసేది మనం. ఏ పురుగు ఎప్పుడు వచ్చిందో, ఏ మందు తర్వాత ఏది పెరిగిందో రైతు కన్నా ముందు చూసేది కూలీయే. ఆడవాళ్ళ కళ్ళకి ఇంకా బాగా తెలుసు. ఆ తెలివిని ఏ ఆఫీసరూ లెక్కలోకి తీసుకోడు. మన సంఘాలు తీసుకోవాలి. ఊరూరా ఒక నోటుపుస్తకం పెట్టి, చేలో చూసినవి తేదీ వేసి రాయాలి. ఏ చేను, ఏ మందు, ఏ పురుగు చచ్చింది, ఏది మిగిలింది, ఎవరికి తల తిరిగింది, ఎవరికి వాంతులయ్యాయి అన్నీ రాయాలి. కార్సన్ దగ్గర ఉన్న ఆయుధం ఇలాంటి లెక్కలే. వాటి ముందు కంపెనీల డబ్బు నిలవలేదు. మన లెక్కలు మనం రాసుకుని, పదిమందీ కలిసి వ్యవసాయ శాఖ ఆఫీసు ముందు పెడితే అప్పుడు జవాబు చెప్పక తప్పదు.